సిరిల్, దిగావా?

సిరిల్ హాగ్‌బెన్ తోలని ఖరీదైన కారు ఇంగ్లండులో లేదు. రోల్స్ రాయిస్, బెంట్లీ, జాగ్వార్, అన్నిటి స్టీరింగులూ అతని అరచేతులకి పరిచయమే. అయితే ఏ కారునైనా అతను తోలింది కస్టమ్స్ షెడ్డు దగ్గర్నుంచి విమానం ముక్కు దాకా మాత్రమే. ఆ కాస్త దూరానికి గేరు మార్చే పని కూడా ఉండదు. లైసెన్సు లేదు, దాని అవసరమూ రాలేదు. పనిలోకి వచ్చేది సైకిలు మీద.

యుద్ధం ముగిసి, బాంబులు మోసిన విమానాలకీ వాటిని నడిపిన కుర్రాళ్ళకీ ఒకేసారి పని పోయిన రోజుల్లో పుట్టిన కంపెనీల్లో మార్ష్ ఎయిర్ ఫెర్రీ ఒకటి. ఉన్నవాళ్ళు సెలవలకి ఫ్రాన్సు వెళ్ళాలి, కారు లేకుండా వెళ్ళలేరు, ఓడలో వేస్తే కారుకి గీతలు పడతాయి. అందుకని సూడి గేదెలాంటి విమానాలు కొన్నారు. ముక్కు రెండు తలుపులుగా విచ్చుకుంటుంది. కార్లు ముందు నుంచి దాని కడుపులోకి వెళతాయి, యజమానులు వెనక తలుపు నుంచి ఎక్కి తోక దగ్గరి చిన్న గదిలో కూర్చుంటారు. టీ తాగి కప్పు కింద పెట్టేలోగా ఫ్రాన్సు వచ్చేస్తుంది.

రామ్నీ మార్ష్ గడ్డి మైదానం మధ్య ఆ విమానాశ్రయం. చుట్టూ మురుగు కాలవలు, గాలి, గొర్రెలు. మొదట్లో విమానం లేస్తే చాలు గొర్రెలు కంచెల మీద పడి పారిపోయేవి. ఏడాది తిరిగేసరికి తల కూడా ఎత్తడం మానేశాయి. గొర్రెలకి పోయిన భయం సిరిల్‌కి పోలేదు.

విమానమంటే అతనికి గుండె దడ. విమానమనేమిటి, నేలను వదిలిన ఏదైనా సరే. నిచ్చెన మూడో మెట్టు మీద మోకాళ్ళు వణుకుతాయి. యుద్ధమంతా సైన్యం లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతూ గడిపాడు. కానీ ఊరి పబ్బులో బీరు గ్లాసు ముందు కూర్చుంటే వేరే మనిషి. "ఇవాళ గాలి ఆగ్నేయం నుంచి కొడుతోంది, అవతల దిగేప్పుడు కాస్త కుదుపు తప్పదు" అని గంభీరంగా అనేవాడు. వినేవాళ్ళు తలలూపేవారు. విమానం కింద తప్ప పైన అతను ఎప్పుడూ లేడన్న సంగతి అడిగినవాడు లేడు, చెప్పినవాడూ లేడు.

అడగాల్సిన మనిషి ఇంట్లో ఉంది.

ఐవీ హాగ్‌బెన్ ఊరి బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండి వడ్డించేది. ఉడికించిన క్యాబేజీ వాసన ఆమె చేతులకి ఆదివారం కూడా వదలదు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మార్ష్ ఎయిర్ ఫెర్రీ విమానం నెత్తి మీదుగా పోయేది. నోట్లో క్లిప్పులు పెట్టుకుని, అది చుక్కయ్యేదాకా చూసేది. ఆవిడ కోరిక గొప్పదేమీ కాదు. సముద్రాన్ని పైనుంచి ఒకసారి చూడాలి. అవతల దిగి, ఇంకెవరో వండింది, ఇంకెవరో వడ్డిస్తే, కూర్చుని తినాలి. అంతే. కంపెనీలో పనిచేసేవాళ్ళ భార్యలకి, సీటు ఖాళీగా ఉంటే, ఊరికే తీసుకెళ్ళే ఆనవాయితీ ఉంది. ఆవిడ పాస్‌పోర్టు కూడా తీయించుకుంది. టీ డబ్బాలో దాచింది. అప్పుడప్పుడూ తీసి, ఒక్క ముద్రా పడని పేజీలు తిప్పి, మళ్ళీ లోపల పెట్టేది.

"శనివారం సీట్లేమన్నా ఖాళీ ఉన్నాయా?" అనేది.

"శనివారమా? సన్యాసినులు. విమానం నిండా సన్యాసినులే."

"పోయిన నెలా వాళ్ళేగా?"

"వాళ్ళు వెళ్ళినవాళ్ళు. వీళ్ళు వాళ్ళని తీసుకురావడానికి వెళ్ళేవాళ్ళు."

మరోసారి స్కౌటు పిల్లలు. ఇంకోసారి వేల్స్ దేశపు భజన బృందం, అందరూ లావుపాటి మనుషులు. ఇలా నాలుగేళ్ళు నడిచింది. సిరిల్ మాట నిజమైతే ఇంగ్లండులో ఒక్క సన్యాసిని కూడా మిగిలి ఉండకూడదు. ఒప్పుకుంటే పోయేదే, కానీ ఏమని ఒప్పుకోవాలి? విమానాలు మేపుకు తినే మగాడు విమానమెక్కడానికి జడుస్తాడని పెళ్ళాంతో ఎలా చెప్పడం? ఒక్కదాన్నే పంపిద్దామంటే, "నువ్వూ రావచ్చుగా" అంటుంది. మళ్ళీ అక్కడికే వస్తుంది కథ. అందుకని సన్యాసినుల్నే నమ్ముకున్నాడు.

ఆ అక్టోబరు ఉదయం, సెలవల రద్దీ తగ్గిపోయిన కాలం, ఒక నల్లటి రోల్స్ రాయిస్ వచ్చింది. యజమాని గ్రిమ్‌షా అనే ఆయన. ఉత్తరాది మనిషి, మరుగుదొడ్ల పింగాణీలో కోట్లు గడించాడు. కారు తాళం సిరిల్ చేతికిస్తూ, కూతుర్ని అత్తారింటికి పంపుతున్న మొహం పెట్టాడు.

"జాగ్రత్తోయ్. గీత పడిందంటే నిన్ను ఊరుకోను."

"పడదు సార్. తమరి కారు పక్క నా ఊపిరి కూడా తగలనివ్వను."

సిరిల్ దాన్ని వెన్నలా పోనిచ్చి విమానం కడుపులో నిలబెట్టాడు. చక్రాల కింద దిమ్మలు పెట్టి గొలుసులు బిగించాడు. అక్కడ కారు ఎక్కించేవాళ్ళకి వాళ్ళదైన మర్యాద ఒకటుండేది. గొప్ప కారు వస్తే, ఎక్కించినవాడు ఒక్క క్షణం వెనక సీట్లో యజమానిలా కూర్చోవాలి. మిగతావాళ్ళు టోపీ తీసి దణ్ణం పెట్టాలి. ఇది రూలు పుస్తకంలో లేదు గానీ రూలు పుస్తకంలో ఉన్నవాటికంటే శ్రద్ధగా జరిగేది. దణ్ణం పెట్టించుకుందామని సిరిల్ మేస్త్రీని కేకేయబోయాడు. విచ్చుకున్న ముక్కులోంచి అలా బయటికి చూశాడు.

అవతల విమానాశ్రయంలో ప్రయాణికులు వేచి ఉండే గది గుమ్మంలో ఐవీ నిలబడి ఉంది. పెళ్ళిళ్ళకీ చావులకీ మాత్రమే బయటికి వచ్చే టోపీ నెత్తి మీద ఉంది.

సిరిల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. కౌంటరు దగ్గర సీట్ల సంగతి అడగడానికి వచ్చిందనుకున్నాడు. కౌంటరులో కూర్చునే మోరీన్ ఉన్నదున్నట్టు చెప్పే పిల్ల. అక్కడ ఒక్క ప్రశ్న వేస్తే నాలుగేళ్ళ సన్యాసినులు నడిరోడ్డున పడతారు.

మేస్త్రీ బర్ట్ ఆప్స్ ర్యాంపు కింద నిలబడి ముక్కు చీదుకుంటున్నాడు.

"బర్ట్, మా ఆవిడ అడిగితే నేను లేనని చెప్పు."

"ఏం చేశావురా మళ్ళీ?"

"ఏం చేయలేదు. అదే గొడవ. లేనని చెప్పు చాలు."

చెప్పి, విమానం వెనక్కి పోదామా, కంచె దాటి గొర్రెల్లో కలుద్దామా అని ఆలోచించాడు. ఎటుపోయినా ఆ గుమ్మానికి ఎదురుగానే పోవాలి. చివరికి రోల్స్ రాయిస్ వెనక తలుపు తీసి, లోపల నేల మీద పడుకుని, గ్రిమ్‌షాగారి ఉన్ని కంబళి మీదకి లాక్కున్నాడు. కాసేపటికి వెళ్ళిపోతుందిలే అనుకున్నాడు.

ఐవీ నడుచుకుంటూ బర్ట్ దగ్గరికే వచ్చింది.

"సిరిల్ ఎక్కడ బర్ట్?"

"లేడమ్మా."

"లేడా, లేనని చెప్పమన్నాడా?"

బర్ట్ నిజాయితీపరుడు. గొర్రెల వంక చూశాడు. "అంటే, రెండూనూ."

"సరే. కనిపిస్తే చెప్పు, ఇవాళ సన్యాసినులు రాలేదుట, వాళ్ళ సీట్లో నేను కూర్చుంటున్నానని."

ఆ ముందు వారమే బస్సు స్టాపులో మోరీన్ ఆవిడతో మాట కలిపింది. "మీరెప్పుడూ రారేంటండీ? ఈ రోజుల్లో సగం సీట్లు ఖాళీగా పోతున్నాయి" అంది. ఐవీ ఆ మాటని ఇంటికి తీసుకెళ్ళి, మొగుడి ముందు పెట్టకుండా, వారం రోజులు తనలోనే ఉడకబెట్టుకుంది. తర్వాత టీ డబ్బాలోంచి పాస్‌పోర్టు తీసింది.

ఇవేవీ సిరిల్‌కి వినపడలేదు. రోల్స్ రాయిస్ తలుపులు గట్టివి. బర్ట్ ఏమో, సిరిల్ ఈపాటికి గొర్రెల కొట్టం వెనక దాక్కుని ఉంటాడనుకున్నాడు. కడుపులోకి తొంగి చూశాడు. గొలుసులు బిగించి ఉన్నాయి, కారు కదలకుండా ఉంది. ముక్కు తలుపులు మూసి గడియ వేశాడు.

ముక్కు మూసుకుని లోపల చీకటయ్యేసరికి సిరిల్ కంబళి తీశాడు. ఇంజన్లు అందుకునేసరికి లేచి కూర్చున్నాడు. అరిచాడు. ఆ హోరులో తన అరుపు తనకే వినపడలేదు. దిగి వెళ్ళి, కార్లకీ ప్రయాణికులకీ మధ్యనున్న వెనక గోడ మీద కొడితే సిబ్బంది వినేవాళ్ళే. కానీ దిగాలంటే కాళ్ళు కావాలి, అవి అప్పటికే రాజీనామా ఇచ్చేశాయి. విమానం నేల మీద పరుగెడుతూ ఎగిరెగిరి పడింది. తర్వాత ఉన్నట్టుండి కుదుపు ఆగిపోయింది. ఆ ఆగిపోవడమే అన్నిటికంటే ఘోరంగా ఉంది. సిరిల్ హాగ్‌బెన్ గాలిలో ఉన్నాడు. మామూలుగా కాదు, రోల్స్ రాయిస్ వెనక సీట్లో, ఉన్ని కంబళి కప్పుకుని. దణ్ణం పెట్టేవాళ్ళే లేరు.

దేవుణ్ణి తలుచుకున్నాడు. చాలాకాలంగా పలకరింపుల్లేని బంధువు కావడంతో ఏం మాట్లాడాలో తోచలేదు. ముందు సీటు వెనక నిగనిగలాడే చెక్క అర కనిపించింది. తెరిచాడు. వెండి మూత సీసాలో బ్రాందీ ఉంది. గ్లాసు కూడా ఉంది గానీ చేతులు గ్లాసు పట్టే స్థితిలో లేవు.

అవతల ఒడ్డున ముక్కు తలుపులు తెరుచుకున్నాయి. ఫ్రెంచి పనివాడు ఒకడు కారు వెనక్కి తీయడానికి వచ్చి, అద్దం సరిచేసుకుంటూ అందులో సిరిల్ మొహం చూశాడు. కెవ్వుమని కిందకి దూకాడు. ఆ తర్వాత చుట్టూ జనం. మీసాల పోలీసు ఒకాయన సిరిల్‌ని రెక్క పట్టుకుని ర్యాంపు దింపాడు. నేల తగలగానే సిరిల్ మోకాళ్ళ మీద కూలబడి తారు రోడ్డును నిమిరాడు. ఆ నిమరడం చూసి పోలీసుకి అనుమానం బలపడింది.

విమానం వెనక తలుపు నుంచి గ్రిమ్‌షా పరుగెత్తుకొచ్చాడు.

"వీడు నా కార్లో ఏం చేస్తున్నాడు?"

"బ్రేకు సార్" అన్నాడు సిరిల్. నాలుక కాస్త మందంగా తిరుగుతోంది. "తమరి కారు బ్రేకు నమ్మకంగా లేదు. కదలకుండా పట్టుకుందామని లోపలే ఉండిపోయాను."

"వెనక సీట్లోంచా?"

"బరువు సరిపోవాలి కదా సార్."

గ్రిమ్‌షా సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. "ఇది కూడా కదలకుండా పట్టుకున్నావా?"

పోలీసు ఏదో అడిగాడు. విమానంలో ప్రయాణికుల్ని చూసుకునే అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. "పాస్‌పోర్టు అడుగుతున్నాడు. లేకపోతే నువ్వెవరో తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పాలిట." ఆ అమ్మాయి కొత్తగా చేరింది. సిరిల్ ఎవరో ఆమెకి తెలియదు. పైలట్లు అప్పటికే కాఫీకి పోయారు. సిరిల్ చుట్టూ చూశాడు. ప్రయాణికులంతా గుంపుగా నిలబడి వినోదం చూస్తున్నారు. బొచ్చు కోట్ల మధ్య, పెళ్ళిళ్ళకీ చావులకీ పెట్టుకునే టోపీ.

"ఐవీ" అన్నాడు. గొంతు పిల్లి కూనలా వచ్చింది.

పోలీసు ఆవిడ వైపు తిరిగాడు. అమ్మాయి అడిగింది. "అమ్మా, ఈయన మీకు తెలుసా?"

ఐవీ ముందుకి వచ్చింది. మొగుణ్ణి బూట్ల దగ్గర్నుంచి జుట్టు దాకా చూసింది, బళ్ళో పళ్ళెంలో క్యాబేజీ వదిలేసిన పిల్లాణ్ణి చూసినట్టు.

"సిరిల్ హాగ్‌బెన్ అనే మనిషిని ఎరుగుదును. చూడ్డానికి ఇలాగే ఉంటాడు. కానీ ఆయన ఈ విమానంలో ఉండే వీల్లేదు."

"ఎందుకని?"

"సీట్లు ఖాళీ ఉండవుగా. నాలుగేళ్ళ నుంచీ."

బొచ్చు కోట్లలో ఎవరో కిసుక్కుమన్నారు. సిరిల్ తల వంచుకున్నాడు.

"ఈయన్ని ఎక్కడైనా కూర్చోబెట్టండి" అంది ఐవీ. "పారిపోయే రకం కాదు. పారిపోవాలంటే మళ్ళీ విమానం ఎక్కాలి. నేను భోంచేసి వస్తాను."

అని చేతిసంచీ సర్దుకుని, పాస్‌పోర్టులో మొదటి ముద్ర వేయించుకుని, ఊళ్ళోకి వెళ్ళే బస్సెక్కింది.

సిరిల్ ఆ దేశంలో చూసింది కస్టమ్స్ షెడ్డు. సున్నం కొట్టిన గోడ, ఒక బల్ల, మందు ప్రకటన అతికించిన క్యాలెండరు. మీసాల పోలీసు మధ్యాహ్నం తన రొట్టె విరిచి సగం ఇచ్చాడు, అందులో మాంసం ముక్క, ఘాటు ఆవ ముద్ద. భాష తెలియకపోయినా పెళ్ళాం భోజనానికి వదిలేసి పోయిన మగాడి బాధ ఆయనకి అర్థమైనట్టే ఉంది. బ్రాందీ దిగిపోయేకొద్దీ సిరిల్‌కి అసలు సంగతి బోధపడింది. ఇంటికి పోవాలంటే సముద్రం దాటాలి. దాటాలంటే ఎక్కాలి. ఈసారి కంబళి లేదు, సీసా లేదు. సన్యాసినులూ లేరు.

సాయంత్రం విమానం వేళకి ఐవీ తిరిగి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చంకలో కర్రంత పొడుగు రొట్టె. వెన్న వాసన, కాస్త ద్రాక్షసారా వాసన. అతని పక్కన బల్ల మీద కూర్చుని బూట్లు విప్పి కాళ్ళు చాపుకుంది.

"చేప పెట్టారు" అంది. "తల తీయకుండానే. అది నన్ను చూస్తూనే ఉంది, నేను దాన్ని తింటూనే ఉన్నా. వడ్డించినవాడు వెనకే నిలబడ్డాడు. లేచి వాడికి నేను వడ్డించాలని రెండుసార్లు అనిపించింది."

"బాగుందా?"

"బాగుంది." కాళ్ళు మళ్ళీ బూట్లలో దూర్చింది. "పద. నువ్వు మా ఆయనవేనని పోలీసుకి చెప్పాను, ఎక్కమంటున్నారు."

సిరిల్ కదల్లేదు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు.

"నేను రాను ఐవీ. ఇక్కడే ఉంటా. ఈయనకి తోడుగా."

"ఏం, ఆయన నిన్ను దత్తత తీసుకున్నాడా?"

"నాకు భయం." ఎట్టకేలకు అనేశాడు. "ఎక్కడమంటే భయం. ఎప్పట్నుంచో. సీట్లు ఖాళీగానే ఉండేవి. సన్యాసినులు ఒకే ఒక్కసారి వచ్చారు, అదీ ఇద్దరే."

ఐవీ అతని మొహంలోకి చూసింది. "ఇంతేనా?"

"ఇంతేనా అంటావేంటి?"

"నీకు భయమని నాకు తెలీదా? పెళ్ళైనప్పటి నుంచీ చూరు వెంట వాననీళ్ళు పోయే గొట్టంలో ఆకులు తీసేది ఎవరు? నిచ్చెన నువ్వు పట్టుకుంటావు, ఎక్కేది నేను. నడుం నొప్పి అంటావు. సరేలే, మగాడు, ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా అని ఊరుకున్నా." మాట ఆపి బూటు తాడు ముడి వేసుకుంది. ముడి సరిగ్గా పడలేదు, మళ్ళీ వేసింది. "సీట్లు ఖాళీ అని ఆ పిల్ల చెప్పినప్పుడు ఇది తట్టలేదు నాకు. ఆ బొచ్చు కోట్ల మధ్య నన్ను కూర్చోబెట్టడం నీకు నామోషీ అనుకున్నా. నా చేతులకి క్యాబేజీ వాసన వస్తుంది కదా."

సిరిల్‌కి విమానం కడుపులో ఇరుక్కున్నప్పటికంటే ఇప్పుడు ఎక్కువ భయమేసింది. ఆవిడ చెయ్యి తీసుకుని, పోలీసు చూస్తుండగానే, వాసన చూశాడు.

"చేప వాసన" అన్నాడు.

"నీ మొహం. లే."

ఎక్కాడు. ఎక్కించారనడం సబబు. మీసాలాయన ఒక రెక్క, ఐవీ ఒక రెక్క. సీట్లన్నీ ఖాళీ. ఐవీ కిటికీ పక్కన కూర్చుంది, ఆ చోటు మాత్రం ఎవరికీ ఇవ్వనంది. "నువ్వు కళ్ళు మూసుకో. కిందేం కనిపిస్తోందో నేను చెబుతా."

విమానం లేచింది. సిరిల్ ఆవిడ చెయ్యి పట్టుకున్న పట్టుకి ఆ వేళ్ళు తెల్లబడ్డాయి. ఆవిడ చెబుతూ పోయింది. సముద్రం ఉతికి పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉందంది. ఓడ ఒకటి చీమలా పాకుతోందంది. తర్వాత తీరం, గులకరాళ్ళు, గొర్రెలు.

"తల ఎత్తాయా?" కళ్ళు తెరవకుండానే అడిగాడు సిరిల్.

"ఎత్తలేదు. అదుగో మన ఇల్లు. చూరు గొట్టం మళ్ళీ ఆకులతో నిండింది."

"అబద్ధం. అంత పైనుంచి కనపడదు."

"నాకు కనపడుతుంది" అంది ఐవీ.

కంపెనీలో పెద్ద గొడవేం కాలేదు. తలుపు మూసేముందు లోపల చూడాల్సింది బర్ట్, చూసి కూడా చూడలేదు. అందుకని సరుకు పరిశీలన నిమిత్తం సిబ్బందిలో ఒకరు వెళ్ళివచ్చారని రాసుకున్నారు. గ్రిమ్‌షా ఈ కథ తన స్నేహితులందరికీ చెప్పుకున్నాడు. వాళ్ళలో కొందరు కార్లు తీసుకుని వచ్చి, బ్రాందీ సీసాలు మాత్రం చేతిలోనే పట్టుకెళ్ళారు.

ఆ తర్వాత ప్రతి అక్టోబరులోనూ ఐవీ ఒక్కతే వెళ్ళి వచ్చేది. సిరిల్ స్వయంగా కౌంటరు దగ్గర నిలబడి, టోపీ తీసి, "మా ఆవిడకి కిటికీ పక్క సీటు" అని అడిగేవాడు. కార్లు ఎక్కించాక కడుపు చివరికి నడిచి, వెనక గోడ మీద రెండుసార్లు తట్టేవాడు. గోడ అవతల నుంచి ఆవిడా తట్టేది. అప్పుడు గబగబా దిగిపోయేవాడు. అతను దిగేదాకా బర్ట్ తలుపు మీద చెయ్యి వేసేవాడు కాదు. లోపలికి తల పెట్టి, "సిరిల్, దిగావా?" అని అరిచేవాడు. ఎదురుగా సిరిల్ నిలబడి ఉన్నా సరే అరిచేవాడు. మొదట్లో వెక్కిరింపు, తర్వాత అలవాటు, చివరికి అదే ఆ విమానాశ్రయం రూలు. బర్ట్ పోయాక వచ్చిన మేస్త్రీలు కూడా అరిచేవారు. సిరిల్ ఎవరో తెలియని కుర్రాళ్ళు అరిచేవారు. అరవకుండా ఏ ముక్కూ మూసుకోలేదు.

సిరిల్ పని మానేశాక పబ్బులో ఫ్రాన్సు సంగతి ఎవరైనా ఎత్తితే, "వెళ్ళొచ్చాంలే. గోడలకి సున్నం బాగా కొడతారు" అనేవాడు. పెద్ద ఓడలొచ్చి కార్లన్నిటినీ మింగేయడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. విమానాలు ఒక్కొక్కటే తుక్కుకి పోయాయి. మిగిలినవాటిలో ఒకదానిలో, చివరి అక్టోబరున, ఐవీ కిటికీ పక్కన కూర్చుంది. వెనక గోడ తట్టేవాళ్ళు లేరు. ముందు నుంచి, కడుపు పొడుగునా, ఎవరో కుర్రవాడి గొంతు వినిపించింది.

"సిరిల్, దిగావా?"

ఐవీ గోడ వైపు తిరిగి, బళ్ళో పిల్లల వరసని అదిలించే గొంతుతో జవాబిచ్చింది.

"దిగాడు నాయనా. ఇంటి దగ్గర నిచ్చెన పట్టుకుని నిలబడి, నేనెప్పుడొస్తానా అని చూస్తున్నాడు. తలుపు మూసెయ్."